మూతకు వేసిన తాళం

జూలై 9, మంగళవారం

డెల్బర్ట్ ఇవాళ బండికి వేరే కార్బురేటర్ బిగించాడు. కొత్తదేం కాదు. పాత బండ్లు విప్పి అమ్మే దొడ్లోంచి తెచ్చి, కడిగి, గాస్కెట్లు మార్చాడు. పాతదాంట్లో ఫ్లోట్‌కు చిల్లి పడిందట.

"తేలాల్సింది మునిగిపోతే ఇంజను పెట్రోలు నీళ్ళలా తాగదా వదినా? నువ్వేమో ఊరికే దొంగలూ దొంగలూ అని గోల పెట్టావు" అన్నాడు, నా మంచి తువ్వాలుకు చేతులు తుడుచుకుంటూ.

ఎంత చక్కటి కారణమో. పోయిన నెలంతా ట్యాంకులో పెట్రోలు తరిగిపోతుంటే ఈ కారణం ఎందుకు తోచలేదో మరి. నేను ట్యాంకు పాత మూత తీసేసి తాళం ఉన్న మూత వేయించాను. వేయించిన వారానికే బండి దారిలో ఆగిపోవడం మొదలెట్టింది. యాభైతొమ్మిది మోడల్ పికప్ బండి, ఇన్నేళ్ళలో ఒక్కరోజు మమ్మల్ని రోడ్డు మీద నిలబెట్టలేదు. పెట్రోలు అందక ఎవరికి కడుపు మండిందో నాకు తెలియకపోలేదు.

రోడ్డుకు ఇవతల మేము, అవతల డెల్బర్ట్. మధ్యలో గోధుమ కోసేసిన మోళ్ళు తప్ప ఏమీ లేదు. పెళ్ళీ పెటాకులూ లేని మనిషి. అప్పట్లో మామగారు బండిని పెద్దకొడుకని మా ఆయన రైన్‌హోల్డ్‌కి ఇచ్చి, చిన్నవాడికి పాత ట్రాక్టరు ఇచ్చాడు. ఆ సంగతి డెల్బర్ట్ ఇప్పటికీ నవ్వుతూనే చెప్తాడు.

రేపు రైన్‌హోల్డ్‌ని చేర్చిన నర్సింగ్ హోమ్‌కు ఈ బండి మీదే వెళ్ళాలి. చూద్దాం.

జూలై 10, బుధవారం

ఆగింది. మళ్ళీ అదే చోట, ధాన్యం గోదాములు దాటాక ఎత్తు ఎక్కేటప్పుడు. ముందు దగ్గింది, తర్వాత ఈడ్చుకుంటూ నడిచింది, తర్వాత చచ్చింది. ఎండలో కూర్చున్నాను. దారిన పోయే ప్రతివాడూ స్టీరింగు మీంచి వేలెత్తి పలకరించి పోతాడే గానీ ఒక్కడు ఆగడు. కాసేపయ్యాక తాళంచెవి తిప్పితే ఏమీ ఎరగనట్టు స్టార్టయింది.

నేను వెళ్ళేసరికి రైన్‌హోల్డ్ భోజనం చల్లారిపోయింది. నర్సు కోనీ చెంచా పెట్టబోతే పళ్ళు బిగించుకున్నాడట. మార్చిలో పొలంలో పక్షవాతం వచ్చి పడిపోయినప్పటి నుంచీ అంతే, నా చేత్తో పెడితేనే తింటాడు. కుడిపక్కంతా పడిపోయింది. మాట లేదు. మెత్తగా నూరిన నూడుల్సు పెడుతూ బండి సంగతంతా వెళ్ళగక్కాను. ఎవరో ఒకరికి చెప్పాలి కదా.

"ఆయనకు అర్థమవుతుందంటారా?" అంది కోనీ.

"ఆయనకేం అర్థమవుతుంది, కుర్చీకి చెప్పుకున్నట్టే" అన్నాను.

జూలై 11, గురువారం

ఆగింది.

జూలై 12, శుక్రవారం

డెల్బర్ట్‌ని పిలిచి నిలబెట్టాను. ముందు అతని కళ్ళెదుటే తాళం తీసి, ట్యాంకులో కర్ర ముంచి కొలిచాను. పొద్దున్నే రోజూ కొలుస్తున్నానని తెలియాలిగా. అతను ఆ పక్కకే చూడలేదు. దొంగచూపు అనే మాట ఊరికే పుట్టలేదు.

తర్వాత ఇద్దరం బండెక్కి పొలం చుట్టూ తిరిగొచ్చాం. గుర్రప్పిల్లలా పరిగెత్తింది. నాకు ఒళ్ళు మండింది.

"నువ్వు కూర్చుంటే నడుస్తుంది, నేను కూర్చుంటే ఆగుతుంది. ఏం మంత్రం వేశావు?"

"దానికి నేనంటే ఇష్టం వదినా. నిన్ను చూస్తే భయం. ఊళ్ళో సగం మందికి అంతేగా!"

అయినా ఒక సంగతి చేశాడు. పెట్రోలు చాలడం లేదేమోనని కార్బురేటర్ మీదున్న చిన్న మర, గాలీ పెట్రోలూ ఏ పాళ్ళలో కలవాలో చెప్పేది, కొంచెం వదులు చేశాడు. ఫిల్టరు మార్చాడు. పంపు నొక్కి చూశాడు. "అంతా బాగానే ఉంది" అని తల గోక్కున్నాడు.

బాగానే ఉన్నదాన్ని రోజూ పాడుచేసేది ఎవరు మరి?

జూలై 14, ఆదివారం

చర్చికి పోలేదు. అక్కడ గుసగుసలు. ఆగస్టొస్తే పక్కింటాళ్ళు తోటలో ఎక్కువైన జుకీని కాయలు బండిలో కుక్కిపోతారన్న భయంతో తప్ప ఈ ఊళ్ళో బండికి తాళం వేసినవాడు లేడట. ఈ ఆల్వీనా అయితే ఏకంగా పెట్రోలు మూతకే వేసిందని నన్నే అంటున్నారు. వేస్తాను. నా బండి, నా మూత. రెండు చెవులూ నా మెళ్ళో తాడుకే ఉన్నాయి. రాత్రి పడుకున్నా తీయను.

జూలై 15, సోమవారం

రైన్‌హోల్డ్ మాట్లాడాడు!

తినిపిస్తూ చెప్తున్నాను. దారిలో మళ్ళీ ఆగిందనీ, ఆగినచోట మూత తెరిచి చూస్తే లోపల ఏదో గాలి పీల్చిన చప్పుడైందనీ, నాకంటే ముందు ఎవరో దాన్ని కెలికారనీ, డెల్బర్ట్‌ దగ్గర దొంగ తాళంచెవి ఉండి తీరాలనీ. చెంచా నోటి దగ్గరే ఉంది. పెదవి వంకర తిరిగింది. "క్యా" అన్నాడు. నేను చెంచా పడేశాను. "క్యాప్" అన్నాడు. స్పష్టంగా!

నాలుగు నెలల తర్వాత మొదటి మాట. ఏడ్చేశాను. కోనీ పరిగెత్తుకొచ్చింది.

టోపీ! అవును, ఆయన టోపీ లేనిదే గడప దాటిన మనిషి కాదు. ఇక్కడ చేర్చినప్పుడు విత్తనాల కంపెనీ ఆకుపచ్చ టోపీ పెట్టుకునే వచ్చాడు. అలమారలో వెతికితే లేదు. ఎవరు కొట్టేశారో! కోనీని అడిగితే "నేను చూడలేదమ్మా" అంది. కళ్ళు మాత్రం పక్కకు తిప్పుకుంది.

జూలై 16, మంగళవారం

ఇంట్లో ఉన్న ఎర్ర టోపీ పట్టుకెళ్ళాను. తలకు పెట్టాను. ఎడంచేత్తో విసిరికొట్టాడు. అది పోయి పక్కవాళ్ళ సూప్‌లో పడింది.

"క్యాప్! క్యాప్!"

జూలై 17, బుధవారం

ఆకుపచ్చది దొరికింది. మంచం వెనక్కి జారింది. కోనీకి ఆ సంగతి చెప్పలేదు.

అది పెట్టినా విసిరేశాడు. ఆదివారం పెట్టుకునే బూడిదరంగు టోపీ, చెవులు మూసే చలికాలపు టోపీ, అన్నీ తీసుకెళ్ళి వరసగా పెట్టాను. ఒక్కోటీ పెట్టినకొద్దీ ఆయన మొహం కందగడ్డ అయిపోయింది. నా మెళ్ళో తాడు పట్టుకుని గుంజాడు. మెడ ఒరుసుకుపోయింది. కోనీ వచ్చి వేళ్ళు విడిపించింది.

కుర్రడాక్టరు వచ్చాడు. పగిలిన రికార్డులా ఒకే మాట తిరగడం ఈ జబ్బులో మామూలేనట. దానికి అర్థం వెతకొద్దన్నాడు. చెయ్యి చేసుకోవడం మటుకు మంచి లక్షణం కాదట.

పెళ్ళయిన ఇన్నేళ్ళలో రైన్‌హోల్డ్ నా మీద చెయ్యెత్తలేదు. ఈ కుర్చీలో ఉన్నది ఎవరో నాకు తెలియదు.

బండి పోయేటప్పుడూ ఆగింది, వచ్చేటప్పుడూ ఆగింది.

జూలై 18, గురువారం

డాక్టరు రైన్‌హోల్డ్ కుర్చీ పక్కనే నన్ను కూర్చోబెట్టి చెప్పాడు. ఇలాంటివాళ్ళను ఈ హోమ్‌లో చూసుకోలేరు. విచిటా నగరంలో తలుపులకు తాళాలుండే వార్డు ఉంది, అక్కడ చోటు ఖాళీ అయింది. నేను సరేనంటే పంపిస్తారు. విచిటా అంటే ఈ బండి మీద నేను వెళ్ళగలిగిన దూరమా? నెలకోసారి వెళ్తే గొప్ప. మరి ఆయనకు తిండి ఎవరు పెడతారు? గొట్టం వేస్తారట.

ఆలోచించుకోమన్నాడు.

మధ్యాహ్నం మూతి తుడుస్తూ ఆయనతోనే అన్నాను. "ఇలా బతికేకంటే ఆ రోజు పొలంలోనే పోయుంటే నీకూ నాకూ హాయిగా ఉండేది." ఆయన కిటికీ వైపు చూస్తూ ఉన్నాడు. ఆ పూట గోల చేయలేదు.

జూలై 19, శుక్రవారం

సరేనని సంతకం పెట్టాను. సోమవారం మధ్యాహ్నం వ్యాను వస్తుంది.

జూలై 20, శనివారం

డెల్బర్ట్‌కి ఎవరు మోశారో. తలుపు కొట్టకుండా వంటింట్లోకొచ్చాడు. నేను బీరాక్‌లకు , అంటే కూర కుక్కి కాల్చే రొట్టెలకు, క్యాబేజీ తరిగి తరిగి పొయ్యి మీద మూకుట్లో వేస్తున్నాను. ఎవరికోసం తరుగుతున్నానో నాకే తెలియదు.

"అన్నని విచిటాకి పంపేస్తున్నావట!"

"పంపేస్తున్నానా? తన్ని తగలేస్తున్నానా? చూసుకోలేమన్నారు."

"అన్నకి అన్నీ తెలుస్తున్నాయి వదినా. పోయినవారం వెళ్ళి కోత సంగతులు చెప్పాను. కుందేలు ట్రాక్టరెక్కిన కథ చెప్తే నవ్వాడు. నవ్వాల్సిన చోటే నవ్వాడు!"

"అందరికీ తెలియనిది నీ ఒక్కడికే తెలిసిందేం? అన్న బుర్ర బాగుంటే నీకేం కలిసొస్తుందో నాకు తెలియదనుకున్నావా? బండి నీ పేర రాయించుకోవాలిగా!"

అనేశాను. నా నోటికి అడ్డూ ఆపూ లేదు. అతను బల్ల మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు. నవ్వలేదు.

"ఆ మూతకు తాళం ఎవరికోసం వేశావో ఊళ్ళో కుక్కకి కూడా తెలుసు. నేనేమన్నా అన్నానా? అసలు ఆ పక్కకే చూడకూడదని ఒట్టు పెట్టుకున్నాను. చూస్తే మన మధ్య మాటలుండవని. ఇంజను వైపు చూశాను, చక్రాలు చూశాను, సీటు కింద చూశాను. దాని మొహం మాత్రం చూడలేదు. అన్న బాగుపడేదాకా ఓర్చుకుందామనుకున్నాను. సరే పో, నీ ఇష్టం."

వెళ్ళిపోయాడు. జాలీ తలుపు ఊగి ఊగి ఆగింది.

నాటకాలు. అయినా క్యాబేజీ అంతా మాడిపోయింది.

జూలై 21, ఆదివారం

ఆయన బట్టలు సర్దాను. టోపీలు పెట్టలేదు.

జూలై 22, సోమవారం

జరిగింది జరిగినట్టు వరసగా రాయాలి, లేకపోతే రేపటికి నేనే నమ్మను.

పెందలాడే బయలుదేరాను. వ్యాను రాకముందే చివరిసారిగా నా చేత్తో తినిపిద్దామని. గోదాములు దాటాక ఎత్తు మీద బండి దగ్గింది. ఈడ్చింది. చచ్చింది. ఇవాళ కూడానా అని స్టీరింగు మీద గుద్దాను. కూర్చుని ఎదురుచూసే ఓపిక లేదు. పొద్దున కొలిచిన పెట్రోలు అప్పుడే ఎవరో తోడేసుంటారని వెంట తెచ్చిన డబ్బాలో ఉన్నది పోద్దామని దిగాను. మెళ్ళో చెవి తీసి మూత తిప్పాను.

హుస్‌స్‌ మని గాలి లోపలికి దూసుకుపోయింది. మూత నా చేతిని పట్టి లాగినట్టయింది. కర్ర ముంచాను. పెట్రోలు ఉన్నది ఉన్నట్టే ఉంది, ఒక్క చుక్క పోలేదు.

మూత పెట్టి స్టార్ట్ చేస్తే మొదటి తిప్పుకే అందుకుంది. కొంత దూరం పోయి మళ్ళీ చచ్చింది. మళ్ళీ మూత తీశాను. మళ్ళీ హుస్. ఈసారి మూత పెట్టలేదు. తలకు కట్టుకున్న గుడ్డ తీసి ట్యాంకు నోట్లో వదులుగా కుక్కి ఎక్కాను. బండి ఆగలేదు. ఎత్తు ఎక్కింది, దిగింది, వంతెన దాటింది. ఆగలేదు.

ఇంజను పెట్రోలు తాగుతున్నకొద్దీ ట్యాంకులో ఖాళీ అయిన చోట్లోకి గాలి పోవాలి. పాత మూతకు సన్నటి బెజ్జం ఉండేది. ఈ తాళం మూత కొత్తకాలం బండ్లది, గాలి కూడా చొరబడకుండా బిగుసుకుంటుంది. రోజూ పొద్దున నేను కొలవడానికి తెరిచినప్పుడు ట్యాంకు ఊపిరి పీల్చుకునేది. దారిలో ఉక్కిరిబిక్కిరయ్యేది. డెల్బర్ట్‌ని కూర్చోబెట్టుకుని పొలం చుట్టూ తిరిగినప్పుడు అప్పుడే తెరిచి కొలిచాను, అందుకే పరిగెత్తింది. ఎవడూ కెలకలేదు. ఎవడూ తోడలేదు. నేనే. నా తాళమే.

వంతెన దాటాక తట్టింది. బండి రోడ్డు పక్కకు లాగి ఆపేశాను.

మా ఇంట్లో దాన్ని మూత అనేది నేనొక్కదాన్నే. ఆయనకు పెట్రోలు అంటే గ్యాస్, దాని మూత ఎప్పుడూ 'గ్యాస్ క్యాప్'.

క్యాప్.

ఆ రోజు నేను గాలి చప్పుడు సంగతి చెప్తుండగానే అన్నాడు. వినీ వినగానే పట్టేశాడు. నేను టోపీలు మోశాను. నెత్తిన ఒకటి తర్వాత ఒకటి పెట్టాను. నా మెళ్ళో తాళంచెవి కోసం తాడు పట్టుకుంటే నన్ను కొట్టొచ్చాడని రాసుకున్నాను.

ఆ తర్వాత ఎలా నడిపానో తెలియదు.

వ్యాను వచ్చేసింది. తలుపులు తెరిచి ఉన్నాయి. చెట్టునీడన చక్రాల కుర్చీలో రైన్‌హోల్డ్, పక్కన నేల మీద గొంతుక్కూర్చుని డెల్బర్ట్. వీడ్కోలు చెప్పడానికి వచ్చాడట. కోనీ, కుర్రడాక్టరు, వ్యాను మనుషులు. బండిని వాళ్ళ ముందుకు తెచ్చి ఆపి, ఇంజను ఆర్పకుండానే దూకాను.

"పంపను. నా సంతకం చింపెయ్యండి."

డాక్టరు నెమ్మదిగా చెప్పబోయాడు. ఎవరైనా ఆఖరి నిమిషంలో ఇలాగే అంటారనీ, అది సహజమనీ. నేను మూత సంగతి చెప్పాను. ఊపిరందక సగం సగం చెప్పాను. డెల్బర్ట్ లేచి వెళ్ళి గుడ్డ కుక్కిన చోటు చూశాడు. వేలు పెట్టి చూశాడు. "ఓరి దేవుడా" అని బంపరు మీద కూలబడ్డాడు.

డాక్టరు మాత్రం ఒప్పుకోలేదు. "ఒక్క మాట కాకతాళీయంగా కలిసుండొచ్చు కదండీ" అన్నాడు. మర్యాదగానే అన్నాడు.

బండి అప్పుడు నల్లటి పొగ కక్కుతూ కుంటుతోంది. డెల్బర్ట్ ఆ రోజు మర వదులు చేశాడు కదా, ఇప్పుడు గాలి ఆడేసరికి పెట్రోలు ఎక్కువైంది. నేను బానెట్ ఎత్తాను. కుర్చీని ముందుకు తోశాను.

"రైన్‌హోల్డ్, నువ్వు చెప్పు. నేను తిప్పుతా."

డెల్బర్ట్ లేవబోయి, ఆగి, జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి నా చేతికిచ్చాడు. తను ముట్టుకోలేదు. దూరంగా జరిగి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

రైన్‌హోల్డ్ తల పక్కకు వంచాడు. ముప్పై ఏళ్ళు చూసిన వంపు అది, ఇంజను వినేటప్పుడు. ఎడంచెయ్యి లేచింది. చూపుడువేలు కుడివైపు సున్నా చుట్టింది. కుడికి తిప్పాను. ఇంకా, అంది వేలు. తిప్పాను. పొగ పలచబడింది. ఇంకా. ఇంజను తడబడింది. వెంటనే అరచెయ్యి అడ్డంగా పెట్టి, వేలు వెనక్కి రవ్వంత కదిపాడు. వెనక్కి తిప్పాను. కుంటడం పోయింది. కుట్టుమిషనులా సాఫీగా కొట్టుకుంది. అరచెయ్యి గట్టిగా కిందికి దించాడు. చాలు.

డాక్టరు ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"నేను చెప్పేది మీకు అర్థమవుతోందా? అవునంటే చేతిమీద ఒకసారి తట్టండి. కాదంటే రెండుసార్లు."

ఒకసారి తట్టాడు. గట్టిగా.

చేత్తో జవాబు చెప్పగలిగే ప్రశ్న ఇన్నాళ్ళూ ఒక్కరూ అడగలేదు. నేనూ అడగలేదు.

వ్యాను ఖాళీగా పోయింది. డెల్బర్ట్ మొహం తిప్పుకుని ఏడుస్తున్నాడు. దగ్గరికెళ్ళి "తప్పయింది" అన్నాను. "ముందా తాళం బావిలో పారెయ్యి వదినా, తర్వాత చూద్దాం" అన్నాడు. అతనికి ఇంకా కోపం తగ్గలేదు. తగ్గకపోవడమే న్యాయం.

జూలై 22, మళ్ళీ

నిద్ర రావడం లేదు. మధ్యాహ్నం జరిగినదాంట్లో రాయనిది ఒకటుంది.

అందరూ లోపలికి వెళ్ళాక ఆయనా నేనూ చెట్టుకింద ఉండిపోయాం. సంతోషంతో నేను ఏదేదో వాగుతున్నాను. వాగుతూ వాగుతూ ఆగిపోయాను. అప్పుడు గుర్తొచ్చింది. అన్నీ అర్థమయ్యాయంటే, అన్నీ అర్థమయ్యాయన్నమాట. కుర్చీతో చెప్పుకున్నట్టే అన్నది. గొట్టం సంగతి ఆయన తలమీదుగా డాక్టరుతో మాట్లాడింది. మూతి తుడుస్తూ అన్నది. అన్నీ ఆ కుర్చీలో కూర్చుని విన్నాడు. విని, మర్నాడు నా చెంచాకి నోరు తెరిచాడు.

అడక్కుండా ఉండలేకపోయాను.

"నేనన్నవన్నీ విన్నావా?"

ఒకసారి తట్టాడు.

"పొలంలోనే పోయుంటే బాగుండేదన్నాను. అది కూడానా?"

నా మొహంలోకి చూశాడు. తర్వాత ఒకసారి.

"నా మీద కోపంగా ఉందా?"

ఒకసారి. వెంటనే.

నా మోకాళ్ళ మీద తల పెట్టుకుని చాలాసేపు ఏడ్చాను. ఆయన నన్ను ముట్టుకోలేదు. చివరికి మొహం తుడుచుకుని అడిగాను.

"రేపు రానా?"

కిటికీల వైపు చూశాడు, బండి వైపు చూశాడు. కాదని రెండు దెబ్బలే పడతాయనుకున్నాను.

ఒకసారి తట్టాడు.